లక్ష మంది తరగతి: సన్నాహం ఎక్కడ మొదలవ్వాలి?

2011 చివర్లో సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తాము చెప్పే కృత్రిమ మేధ కోర్సును ఇంటర్నెట్‌లో పెట్టి, ఎవరైనా ఉచితంగా చేరవచ్చన్నారు. దాదాపు 1,60,000 మంది చేరారు. చివరిదాకా నిలిచినవాళ్లు 23,000 మంది దాకా ఉన్నారు. అదే పాఠాన్ని గదిలో కూర్చుని వినే అవకాశం ఉన్న స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు 200 మంది. వాళ్లలోనూ ఎక్కువమంది కొన్ని వారాలకే గదికి రావడం మాని వీడియోలకు మళ్లారు. మరుసటి ఏడాది ఇలాంటి కోర్సులు అందించే యుడాసిటీ, కోర్సెరా, ఎడెక్స్ వరసగా పుట్టాయి. ఇలా ఎవరైనా చేరగల భారీ ఆన్‌లైన్ కోర్సులకు మూక్‌లు అని పేరు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక 2012ను మూక్‌ల సంవత్సరంగా ప్రకటించింది.

పుష్కర కాలం దాటిపోయింది. ఇలాంటి కోర్సుల మీద జరిగిన చర్చ చాలావరకు ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, విశ్వవిద్యాలయాలు ఏమైపోతాయి అన్న ప్రశ్నల చుట్టూనే తిరిగింది. రేపు యాభై వేల మందికి పాఠం చెప్పబోయే అధ్యాపకురాలు ఇవాళ బల్ల ముందు కూర్చుని ఏం చేయాలి అన్న ప్రశ్నకు జవాబులు మాత్రం పరిశోధన పత్రాల్లో, కూలిపోయిన కోర్సుల చరిత్రలో, ఐఐటీలు నడిపే మన ఎన్‌పీటెల్ అనుభవంలో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వాటన్నిటినీ ఒకచోట పెట్టి చూస్తే నాకు ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తోంది. సన్నాహం చాలాచోట్ల కెమెరాతో మొదలవుతోంది, అది అభ్యాసాలతో మొదలవ్వాలి. మామూలు తరగతిలో టీచరు పిల్లల ముఖాలు చూస్తూ పాఠం దిద్దుకుంటారు. అర్థం కాలేదని తోస్తే ఇంకో ఉదాహరణ చెబుతారు, వెనక బెంచీవాళ్లను లేపి అడుగుతారు. లక్ష మంది తరగతిలో ఆ ముఖాలు కనిపించవు. ఎవరు ఎక్కడ ఆగిపోతారో కోర్సు తెరవకముందే ఊహించి, ఆ చోట ఒక ప్రశ్ననో, ఒక సూచననో, ఒక మనిషినో ముందుగా ఉంచాలి.

ముందు పని భారం చూద్దాం. 2013లో క్రానికల్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్ పత్రిక మూక్‌లు చెప్పిన ప్రొఫెసర్లను సర్వే చేస్తే 103 మంది జవాబిచ్చారు. కోర్సు తెరవకముందే మామూలుగా 100 గంటలకు పైగా పని పడుతోందని, నడుస్తున్నప్పుడు వారానికి 8 నుంచి 10 గంటలు పోతున్నాయని వాళ్లు చెప్పారు. అందులో మధ్యస్థంగా ఒక్కో తరగతికి 33,000 మంది విద్యార్థులు, ఒకే ఒక్క సహాయకుడు. ముప్ఫై మూడు వేల మందికి ఇద్దరు మనుషులు! వారానికి పది గంటల్లో ఆ ఇద్దరూ ఎన్ని సందేహాలు తీర్చగలరో ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. కాబట్టి ఆ వంద గంటల్లో ఏం చేశారన్న దాని మీదే కోర్సు బతుకు ఆధారపడుతుంది.

ఆ గంటల్లో పెద్ద వాటా వీడియోలే తీసుకుంటాయి. వీడియోల గురించి మనకు ఇప్పుడు బాగానే తెలుసు. 2014లో ఫిలిప్ గువో, జూహో కిమ్, రాబ్ రూబిన్ ఎడెక్స్‌లోని నాలుగు కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించారు. వీడియో ఎంత పొడుగున్నా, మధ్యస్థంగా చూసే సమయం ఆరు నిమిషాలు దాటలేదు. గంట పాఠాన్ని తరగతిలో తీసి ముక్కలు చేసి పెట్టిన వీడియోల కంటే, మొదటి నుంచీ చిన్న ముక్కలుగా ఆలోచించి తీసినవే జనం ఎక్కువసేపు చూశారు. ఖరీదైన స్టూడియోలో తీసినవాటి కంటే టీచరు తన బల్ల దగ్గర కూర్చుని, మనతోనే మాట్లాడుతున్నట్టు తీసినవి ఎక్కువ ఆకట్టుకున్నాయి. స్లైడ్లు మాత్రమే చూపడం కంటే చేత్తో రాస్తూ చెప్పడం మెరుగ్గా పనిచేసింది. థ్రన్, నార్విగ్ కూడా మొదటి కోర్సులో కాగితం మీద పెన్నుతో రాస్తూనే చెప్పారు. బార్బరా ఓక్లీ, టెరెన్స్ సెజ్నోవ్‌స్కీ కలిసి 2014లో మొదలుపెట్టిన ‘లెర్నింగ్ హౌ టు లెర్న్’ కోర్సు వీడియోలను ఓక్లీ తన ఇంటి నేలమాళిగలో, 5,000 డాలర్లకు లోపు ఖర్చుతో తీశారు. దాన్ని లక్షలాది మంది చూశారు.

దీన్నిబట్టి స్టూడియో లేదని వెనకడుగు వేయక్కర్లేదు. మంచి మైకు, నిశ్శబ్దమైన గది, ముందే రాసుకున్న పాఠం ఉంటే చాలు. మన దగ్గర ఇంకో జాగ్రత్త అవసరం. తెలుగు ప్రాంతాల విద్యార్థుల్లో ఈ పాఠాలను ఫోనులో చూసేవాళ్లు చాలామంది. అరచేతి తెర మీద కనపడని సమీకరణం, స్లైడు నిండా కిక్కిరిసిన చిన్న అక్షరాలు వాళ్లకు అందవు. తయారీలో ప్రతి స్లైడునూ ఒకసారి ఫోనులో తెరిచి చూస్తే ఈ తప్పు అక్కడికక్కడే దొరికిపోతుంది.

వీడియో సంగతి ఇంతటితో వదిలేస్తాను. ఎందుకంటే నేర్చుకోవడం ఎక్కువగా అక్కడ జరగడం లేదు.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెనెత్ కోడింగర్ బృందం జార్జియా టెక్ వారి సైకాలజీ మూక్‌ను తీసుకుని 2015లో ఒక పోలిక చేసింది. కొందరు విద్యార్థులు వీడియోలు ఎక్కువ చూశారు, కొందరు పాఠ్యం ఎక్కువ చదివారు, కొందరు అభ్యాసాలు ఎక్కువ చేశారు. అదనంగా చేసిన అభ్యాసం వల్ల కలిగిన లాభం, అదనంగా చూసిన వీడియో వల్ల కలిగిన లాభానికి ఆరు రెట్లకు పైగా ఉందని తేలింది. చదువు మీద పనిచేసేవాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తుచేసుకుని జవాబు రాయడం వల్ల అది ఎక్కువ కాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికీ 2006లోనే చూపించారు. అయినా కోర్సు బడ్జెట్ తెరిచి చూస్తే కెమెరాకు, ఎడిటింగ్‌కు పద్దులు కనిపిస్తాయి. మంచి ప్రశ్నలు రాయడానికి, రాసినవాటిని పరీక్షించడానికి పద్దు చాలా అరుదు. ఈ కోర్సుల తయారీలో అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇదే.

మంచి ప్రశ్న రాయడం కష్టమైన పని. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనే ప్రశ్నలో సరైన జవాబు రాయడం తేలిక. మిగతా మూడింటిలోనే టీచరు అనుభవమంతా దాగి ఉంటుంది. ఉదాహరణకు సంభావ్యత పాఠంలో ఒక నాణేన్ని ఐదుసార్లు ఎగరేస్తే ఐదుసార్లూ బొమ్మే పడింది, ఆరోసారి బొమ్మ పడే అవకాశం ఎంత అని అడిగామనుకుందాం. ‘సగం కంటే తక్కువ’ అని ఎంచుకునే విద్యార్థి బొరుసు వంతు వచ్చిందనుకుంటున్నాడు. ‘సగం కంటే ఎక్కువ’ అన్న విద్యార్థి నాణెంలో ఏదో మొగ్గు ఉందనుకుంటున్నాడు. నిజానికి నాణెం సరైనదని ప్రశ్నలో చెప్పకపోతే అతని ఆలోచన తప్పని కూడా అనలేం. ఆ లోపం ప్రశ్నది. ఇద్దరికీ వెళ్లాల్సిన వివరణ ఒకటి కాదు. ‘తప్పు, మళ్లీ ప్రయత్నించండి’ అని మాత్రం చెప్పే కోర్సు ఇద్దరినీ ఒకేలా వదిలేస్తుంది. పదేళ్లు తరగతిలో చెప్పిన టీచరుకు ఈ తప్పుదారులన్నీ కంఠతా వచ్చు. దిద్దిన జవాబు పత్రాల్లో, ఆఫీసు గదికి వచ్చి అడిగిన సందేహాల్లో అవి పేరుకుని ఉంటాయి. వాటిని కూర్చుని రాసుకోవడమే మొదటి నెల పనిగా పెట్టుకోవాలంటాను. ఒక్కో వారానికి విద్యార్థి ఏం చేయగలగాలి, ఆ పని చేస్తూ ఎక్కడ దారి తప్పుతాడు, తప్పినప్పుడు ఏం చూపించాలి అన్నది తేలాక వీడియోలో ఏం చెప్పాలో దానంతటదే తేలుతుంది.

ప్రోగ్రామింగ్, గణితం లాంటి సబ్జెక్టులకు యంత్రమే మార్కులు వేస్తుంది. ఆ ఆటోగ్రేడర్‌ను కోర్సు తెరవకముందే కొన్ని పదుల మంది విద్యార్థులతో వాడించి చూడాలి. సరైన జవాబునే యంత్రం తప్పంటే, తరగతి గదిలో ఒక పిల్లవాడు చెయ్యెత్తితే సరిపోయే విషయం ఇక్కడ ఒక్క రాత్రిలో వేల ఫిర్యాదులవుతుంది. వ్యాసాలు, డిజైన్లు, ప్రాజెక్టులు యంత్రానికి లొంగవు. వాటికి విద్యార్థుల చేతనే ఒకరి పని ఒకరు దిద్దించే పద్ధతి వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో స్కాట్ క్లెమర్ కోర్సెరాలో నడిపిన మానవ–కంప్యూటర్ సంబంధాల కోర్సు దీనికి మంచి ఉదాహరణ. అందులో విద్యార్థి తోటివాళ్ల పని దిద్దకముందు, సిబ్బంది ముందే దిద్ది పెట్టిన ఒక నమూనాను దిద్దాలి. తన మార్కు సిబ్బంది మార్కుకు ఎంత దగ్గరగా ఉందో చూసుకున్నాకే తోటివాళ్ల పని చేతికి వస్తుంది. ఆ కోర్సులో పోగైన 63,000 మార్కులను క్రిస్ పీచ్ బృందం 2013లో విశ్లేషించి, ఎవరు ఉదారంగా వేస్తారో, ఎవరు పిసినారిగా వేస్తారో అంచనా కట్టి, ఆ తేడాను సరిచేసే పద్ధతి చూపించింది. ఇదంతా పనిచేయాలంటే మార్కుల కొలబద్ద చాలా వివరంగా ఉండాలి. ‘బాగుంది’, ‘ఫర్వాలేదు’ లాంటి మాటలతో రాసిన కొలబద్ద ఇరవై దేశాల విద్యార్థుల చేతుల్లో ఇరవై రకాలుగా మారుతుంది.

కాపీ సంగతీ ముందే ఆలోచించాలి. 2015లో కర్టిస్ నార్త్‌కట్, ఆండ్రూ హో, ఐజాక్ చువాంగ్ హార్వర్డ్, ఎంఐటీల 115 కోర్సులు పరిశీలించి, ఒకే మనిషి రెండు ఖాతాలు తెరిచి ఒకదాంట్లో జవాబులు తెలుసుకుని రెండోదాంట్లో నింపే పద్ధతితో 1,237 సర్టిఫికెట్లు సంపాదించి ఉంటారని అంచనా వేశారు. వాళ్లు చెప్పిన మందు కూడా తయారీ దశలో వేయాల్సిందే: గడువు ముగిశాకే జవాబులు బయటపెట్టడం, ఒక్కొక్కరికి ఒక్కో రకం అంకెలతో ప్రశ్న ఇవ్వడం. చాట్‌జీపీటీ లాంటివి వచ్చాక ఇది కూడా చాలదు. ఇంట్లో చేసే అసైన్‌మెంటును నేర్చుకోవడానికి ఉంచి, మార్కులను ఎదుట కూర్చోబెట్టి పెట్టే పరీక్షకు వదిలేయడమే నాకు తోస్తున్న దారి. ఈ విషయంలో మన ఎన్‌పీటెల్ మొదటి నుంచీ సరైన చోట నిలబడింది. 12 వారాల కోర్సులో వారం వారం ఇచ్చే 12 అసైన్‌మెంట్లలో మెరుగైన ఎనిమిదింటిని తీసుకుని 25 మార్కులు, కేంద్రంలో పర్యవేక్షణలో రాసే పరీక్షకు 75. రెండో దాంట్లో 30 రానిదే సర్టిఫికెట్ రాదు.

సన్నాహంలో లోపం ఉంటే ఏమవుతుందో 2013 ఫిబ్రవరిలో జార్జియా టెక్ వారి ఒక కోర్సు చూపించింది. ఆ కోర్సు సబ్జెక్టే ఆన్‌లైన్ బోధనను ఎలా ప్రణాళిక వేసుకోవాలన్నది. చేరినవాళ్లు దాదాపు 40,000. విద్యార్థులందరూ ఒక గూగుల్ స్ప్రెడ్‌షీటులో తమ పేర్లు రాసుకుని బృందాలుగా ఏర్పడాలన్నారు. ఆ షీటును అప్పట్లో ఒకేసారి కొన్ని పదుల మందికి మించి దిద్దలేకపోయేవారు. వేలమంది ఒక్కసారి తెరిచేసరికి అది కుప్పకూలింది. ఒకరి పేరు ఒకరు చెరిపేసుకున్నారు. సూచనలు అర్థంకాలేదన్న ఉత్తరాలు వెల్లువెత్తాయి. వారం తిరక్కుండానే కోర్సు ఆపేశారు. ఇరవై మంది సెమినార్‌లో చక్కగా నడిచే పనిని నలభై వేల మందికి అలాగే ఇవ్వడం వల్ల వచ్చిన విపత్తు ఇది. కాబట్టి కోర్సులో విద్యార్థి చేయాల్సిన ప్రతి పనినీ వేలమంది ఒకే నిమిషంలో చేస్తే ఏమవుతుందని అడగాలి. మొదటి వారంలో బృందాలు పెట్టకుండా ఉంటే ఇంకా మంచిది. ఎందుకంటే మొదటి వారంలో ఉన్నవాళ్లలో చాలామంది రెండో వారానికి ఉండరు.

ఎవరు చేరుతున్నారన్నది తయారీకి ముందే తెలుసుకోవాలి. హార్వర్డ్, ఎంఐటీలు తమ మొదటి 17 కోర్సుల లెక్కలు 2014లో బయటపెట్టాయి. 8,41,687 నమోదుల్లో 2,92,852 మంది ఒక్కసారి కూడా పాఠం తెరవలేదు. సర్టిఫికెట్లు 43,196. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తన కోర్సెరా విద్యార్థులను అడిగితే ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా అప్పటికే డిగ్రీ ఉన్నవాళ్లని తేలింది. రెనే కిజిల్‌చెక్ బృందం ఈ జనాన్ని నాలుగు రకాలుగా గుర్తించింది: పూర్తిచేసేవాళ్లు, పరీక్షలు వదిలేసి పాఠాలు మాత్రం వినేవాళ్లు, మధ్యలో విడిచిపోయేవాళ్లు, కాస్త రుచి చూసి వెళ్లేవాళ్లు. పాఠాలు మాత్రం వినేవాళ్ల గురించి దిగులు పడక్కర్లేదు. వాళ్లకు కావలసింది వాళ్లు తీసుకుంటున్నారు. మనం ప్రాణం పెట్టాల్సింది మూడో రకం మీద. వాళ్లు పూర్తిచేద్దామనే వచ్చారు. ఎక్కడో ఒక మెట్టు అందక పడిపోయారు. చాలాసార్లు ఆ మెట్టు కోర్సు ఇక్కడి నుంచి మొదలవుతుందని మనం అనుకున్న చోటే ఉంటుంది.

శాన్‌హోసే స్టేట్ యూనివర్సిటీ 2013లో యుడాసిటీతో కలిసి బీజగణితం, గణాంకశాస్త్రం, ప్రాథమిక గణితం ఆన్‌లైన్‌లో చెప్పించింది. వెనకబడిన విద్యార్థులను ముందుకు తేవాలన్నది ఉద్దేశం. తొలి విడత ఉత్తీర్ణత మామూలు తరగతి కంటే బాగా తగ్గింది, జూలైలో ఆ ప్రయోగానికి విరామం ఇచ్చారు. అప్పటికే చదువు అలవాటున్న వాళ్లకు కుదిరిన పద్ధతి, చేయి పట్టుకుని నడిపించాల్సిన వాళ్లకు కుదరలేదు. కోర్సు తెరిచే ముందు ‘సున్నా వారం’ లాంటిది పెట్టి, కావలసిన పూర్వ జ్ఞానాన్ని చిన్న ప్రశ్నలతో పరీక్షించి, లేనివాళ్లకు ఆ ముక్క నేర్పడం కొంత ఉపయోగపడుతుంది. ఐఐటీ మద్రాసు 2020లో ప్రారంభించిన డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీలో ప్రవేశానికే నాలుగు వారాల పాఠాలు పెట్టి, ఆ తరవాత అర్హత పరీక్ష రాయిస్తున్నారు. విద్యార్థి తన శక్తిని తానే చూసుకునేలా చేసే ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది.

చేయి పట్టుకునే మనిషి సంగతికి వస్తే మన తెలుగు నేలకు సొంత చరిత్ర ఉంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా మొదలైంది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. మొదటి ఉపకులపతి జి. రాంరెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టిందీ ఆయనే. ఇంటర్ చదవనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరగలిగిన ఆ వ్యవస్థలో పాఠ్యపుస్తకాలు తెలుగులో, విద్యార్థి తనంతట తాను చదువుకునేలా రాయించారు. అంతకంటే ముఖ్యమైనది, ఊళ్లలో ఉన్న కాలేజీల్లో అధ్యయన కేంద్రాలు పెట్టి, ఆదివారాలు, సెలవు రోజుల్లో ఒక లెక్చరర్ ఎదుట కూర్చుని సందేహాలు అడిగే వీలు కల్పించారు. దూరవిద్యలో దూరాన్ని తగ్గించిన ఆ లెక్చరర్లకు మన విద్యా చరిత్రలో దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు.

2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి మొదలుపెట్టిన ఎన్‌పీటెల్, 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులు నడుపుతూ కాలేజీల్లో ‘లోకల్ చాప్టర్’లు పెట్టింది. కాలేజీలోనే ఒక అధ్యాపకుడు మెంటార్‌గా ఉండి వారం వారం పిల్లలు అసైన్‌మెంట్ ఇచ్చారా లేదా చూస్తారు. 2017లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ వచ్చింది, ఈ కోర్సులూ అందులో చేరాయి. 2021లో యూజీసీ ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా క్రెడిట్లను స్వయం కోర్సులతో తెచ్చుకోవచ్చంది. దాంతో ఈ కోర్సులు మన ఇంజినీరింగ్, డిగ్రీ కాలేజీల్లో సరదాకి చేరేవి కాకుండా మార్కుల జాబితాలోకి ఎక్కాయి. అయితే చాలా కోర్సుల తయారీలో ఆ మెంటార్ గురించిన ఆలోచన కనిపించదు. భీమవరంలోనో కరీంనగర్‌లోనో కూర్చున్న మెంటారుకు ఈ వారం పిల్లలు ఏ మెట్టు దగ్గర తడబడతారో, ఏ రెండు ప్రశ్నలు వాళ్లతో కలిసి చేయించాలో చెప్పే ఒక పేజీ ఇస్తే ఎంత తేడా వస్తుందో! కోర్సు తయారుచేసే టీచరుకు అది వారానికి ఒక గంట పని. వేల గదుల్లో జరిగే సంభాషణకు అది దారి వేస్తుంది.

ఇక భాష మాట. ఎన్‌పీటెల్ పాఠాల లిఖిత రూపాలు కొన్ని తెలుగులోకి కూడా వచ్చాయి. ఇంజినీరింగ్‌ను తెలుగుతో సహా భారతీయ భాషల్లో బోధించడానికి 2021లో ఏఐసీటీఈ అనుమతించింది. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన అమ్మాయికి ఇంగ్లిష్ వీడియో కింద తెలుగు అక్షరాలు కొంత సాయం. తెర మీద సమీకరణం చూడాలా, కింద అక్షరాలు చదవాలా అన్న ఇబ్బంది మాత్రం అలాగే ఉంటుంది. వీడియో కంటే ముందు తెలుగులోకి రావలసినవి ప్రశ్నలు, తప్పు జవాబులకు ఇచ్చే వివరణలు. విద్యార్థి ఒంటరిగా తడబడేది అక్కడే.

చర్చావేదికకు కూడా ముందే మనుషులను సిద్ధం చేయాలి. జార్జియా టెక్‌లో అశోక్ గోయల్ చెప్పే ఆన్‌లైన్ కోర్సులో 300 మంది విద్యార్థులుంటే సెమిస్టర్‌కు 10,000 దాకా సందేశాలు వచ్చేవి. 2016లో ఆయన జిల్ వాట్సన్ అనే కంప్యూటర్ సహాయకురాలిని పెట్టారు. గడువు ఎప్పుడు, ఫైలు ఏ రూపంలో ఇవ్వాలి లాంటి మామూలు ప్రశ్నలకు, నూటికి 97 పాళ్లు నమ్మకం ఉంటేనే అది జవాబిచ్చేది. పాత సెమిస్టర్లలోని దాదాపు 40,000 సందేశాలే దానికి శిక్షణ సామగ్రి. యంత్రం పని చేయాలన్నా మనుషులు ముందు ఓపికగా రాసిన జవాబులు కావాలి. పాఠంలోని అసలు సందేహాలు మాత్రం బోధనా సహాయకులకే (టీఏలకే) చేరాలి. ఆ టీఏలకు కోర్సు మొదలవకముందే అన్ని అసైన్‌మెంట్లు చేయించాలి. తాము చేయని లెక్క గురించి ఎవరికీ సాయం చేయలేరు.

మొదటి విడత ముగిశాక సన్నాహం మళ్లీ మొదలవుతుంది. ఈసారి ఊహలకు బదులు రుజువులుంటాయి. ఏ ప్రశ్న దగ్గర సగం మంది తప్పారో, ఏ వీడియోను ఎక్కడ ఆపి వెనక్కి తిప్పారో, ఏ సందేహం వందసార్లు వచ్చిందో అంతా నమోదై ఉంటుంది. తరగతి గదిలో పదేళ్లకు గానీ తెలియని సంగతులు ఇక్కడ ఒక విడతలో చేతికొస్తాయి. కానీ చాలా కోర్సులు ఆ రుజువులను తెరవకుండానే అవే వీడియోలు, అవే ప్రశ్నలతో ఏటా మళ్లీ నడుస్తాయి. దిద్దడానికి అధ్యాపకులకు సమయం ఇచ్చేవాళ్లు ఉండరు. కోర్సు ప్రారంభానికి నిధులిచ్చే విశ్వవిద్యాలయాలు, తయారీ చేసే అధ్యాపకులకు ఒక సెమిస్టర్ బోధనా భారం తగ్గించాలి, రెండో విడతకు ముందు మరో నెల ఇవ్వాలి. ఆ నెలలో ఎక్కువమంది తప్పిన పది ప్రశ్నలను తిరగరాసి, వాటి వివరణలను తెలుగులో పెట్టి, మెంటార్లకు కొత్త పేజీలు పంపగలిగితే మధ్యలో విడిచిపోయే ఆ మూడో రకం విద్యార్థుల్లో కొందరైనా రెండో విడతలో పరీక్ష హాలు దాకా వస్తారు.